వదిన పంపిన ముచ్చట

మా సేవా సంఘం ప్రతి గురువారం సాయంత్రం కూడేది. శంషాబాద్‌లో హైవే పక్కన ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని పైఅంతస్తులో పొడవాటి గది ఒకటి మాకు ఇచ్చారు. కింద పెళ్లి ఉంటే బ్యాండు మోత, లేకపోతే విమానాల మోత. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో విమానం దిగుతుంటే మాటలాపి అందరం కిటికీల దగ్గరికి ఉరికేవాళ్లం. కొన్నాళ్లకు ఆ సరదా తీరింది. మాట ఆపడం మాత్రం మిగిలింది, ఎట్లాగూ వినపడదు కాబట్టి.

సంఘం పేరు చెప్పను. చెప్పుకునేంత గొప్ప పనులేం చెయ్యలేదు మేము. ఏడాదికోసారి కంటి శిబిరం, రక్తదానం, పక్క ఊరు సాతంరాయి బడి పిల్లలకు చెప్పులు, అంతే. పనులకంటే రూల్సే ఎక్కువ చేశాం. దానికి కారణం మా కార్యదర్శి. గోదావరి జిల్లా మనిషి. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు ఇంజనీరుగా వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మంచివాడే, కానీ ఏ చిన్న సంగతి జరిగినా దానికో రూలు రాయకపోతే ఆయనకు అన్నం సయించదు. ఎవరిదో ఫోన్ మోగింది, ఫోన్లు ఆపెయ్యాలని రూలు వచ్చింది. ఇద్దరు తెలంగాణ ఉద్యమం గురించి వాదులాడుకున్నారు, రాజకీయాలు మెట్ల కిందే వదిలి రావాలని ఇంకో రూలు. ఆ రూలు పెట్టిన సాయంత్రం వాళ్లిద్దరూ ఉప్మా ప్లేట్లు పట్టుకుని మెట్ల కిందికి పోయి మరీ కొట్లాడుకున్నారు. వరుసగా మూడు గురువారాలు రాకపోతే పేరు కొట్టేస్తామని మరొకటి. అధ్యక్షుడు ఏడాదికొకరు మారాలన్న రూలు మాత్రం మొదటి నుంచీ ఉంది, దాన్ని ఎవరూ పాటించలేదు. మా అధ్యక్షుడిది హార్డ్‌వేర్ దుకాణం. నాకంటే చిన్నవాడు, గొంతు పెద్దది, టేబుల్ మీది గంట కొట్టడమంటే మహా ఇష్టం. ఆ గంట ఇంకొకరి చేతికి ఇవ్వాలంటే ఆయనకు ప్రాణం ఒప్పేది కాదు.

అన్ని రూల్స్‌లోనూ నాకు నచ్చింది ఒక్కటే. దాన్ని మేము ‘మంచి ముచ్చట’ అనేవాళ్లం. గంట కొట్టి హాజరు వేసుకోగానే అధ్యక్షుడు ఒక్కొక్కరినీ లేపేవాడు. లేచినవాళ్లు ఆ వారంలో తాము చూసిందో విన్నదో ఒక మంచి సంగతి చెప్పాలి. ఏం లేదంటే ఒప్పుకోరు, తట్టేదాకా నిలబడే ఉండాలి. ఒకసారి ఒకాయన నిలబడి నిలబడి చివరికి, “ఇయ్యాల కరెంటు పోలే” అన్నాడు. అన్నాడో లేదో, పోయింది.

మరి నేను? నాది బోరు మోటార్ల వైండింగ్ షాపు. రాగి తీగ చుట్టుకుంటూ కూర్చునేవాడికి మంచి ముచ్చట్లు ఎక్కడి నుంచి వస్తాయి? నా దగ్గరికి వచ్చే రైతు మోటారు కాలిపోతేనే వస్తాడు. ఎయిర్‌పోర్టుకు భూములు పోయాక ఆ వచ్చేవాళ్లూ తగ్గారు, కందుకూరు వైపు వాళ్లే మిగిలారు. పైగా నాకు ముక్కు మీద కోపం. “ఎప్పుడైతది అన్నా?” అని రెండోసారి అడిగినవాణ్ని మోటారు ఎత్తుకుని పొమ్మనేవాణ్ని. అట్లాంటివాణ్ని లేపి మంచి సంగతి చెప్పమంటే ఏం చెప్తాను, నా మొహం!

నాకు ముచ్చట్లు ఇచ్చేది నా భార్య. ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఊళ్లో ఆడవాళ్లు ఆమెకు కొలతలిస్తూ కడుపులో ఉన్నదంతా చెప్పుకునేవాళ్లు. అందులో చెప్పకూడనివి తీసేసి, నొచ్చుకునేవి తీసేసి, ఒక్కటి నాకోసం దాచేది. గురువారం సాయంత్రం నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం దగ్గరికి రాగానే, నోట్లో గుండుసూదులు అట్లాగే పెట్టుకుని, “ఇగో, ఇయ్యాల గిది చెప్పు” అనేది. ఒకసారి మా పక్క వీధి ముసలమ్మ సంగతి ఇచ్చింది. మనవణ్ని దించడానికి ఎయిర్‌పోర్టుకు పోయి, కదిలే మెట్లు చూసి, ఆ మెట్లు అరిగిపోతాయని చెప్పులు విప్పి చేత పట్టుకుని ఎక్కిందట. పైన నిలబడ్డ సెక్యూరిటీ పిల్లవాడు ఆమెను చూసి తన బూట్ల వైపు చూసుకున్నాడట. ఆ వారం కార్యదర్శి నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ముచ్చట్లు ఆమెవని హాల్లో అందరికీ తెలుసు. అందుకే నా వంతు వస్తే అధ్యక్షుడు నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. “అన్నా, ఇయ్యాల వదిన ఏం పంపింది?” అనేవాడు. టీలు ఇచ్చేవాళ్లు కూడా ట్రే పట్టుకుని ఆగిపోయేవాళ్లు.

ఇంటికి వస్తే నేను చెప్పులు విప్పక ముందే ఆమె అడిగే మాట ఒకటే.

“నవ్విన్రా?”

“నవ్విన్రు.”

అంతే. మళ్లీ మిషను మీదికి వంగేది. ఆ మిషనుకు చిన్న మోటారు నేనే బిగించాను. “నీకు ఏది జూసినా మోటారే కనవడ్తది, నా కాళ్లకు పని లేకుండ చేసినవ్” అని తిట్టింది గానీ, వచ్చిన ప్రతి ఒక్కరికీ స్విచ్ వేసి చూపించేది.

2011 వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. దవాఖానలో చేర్చాం. కందుకూరులో ఉండే మా బిడ్డ వచ్చి తల్లి దగ్గర కూర్చుంది. గురువారం మధ్యాహ్నం ఆమెకు కాస్త తెలివి వచ్చి, నన్ను చూసి, “ఇయ్యాల బేస్తారం గాదా, పోవా మీటింగుకు?” అంది.

“పోను. ఏం మీటింగు!”

“పో. జర గాలి తగుల్తది.” కళ్లు మూసుకుని, “నా కాడ ఏం లేదు ఈ వారం. నువ్వే చూస్కో ముచ్చట” అంది.

నేను పోలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ముచ్చటా చూసుకోలేదు. శనివారం ఆమె పోయింది.

మేము క్రైస్తవులం. మా గుడి వెనక సమాధుల తోటలో ఆమెను పెట్టాం. సంఘం వాళ్లందరూ వచ్చారు. మట్టి వేసేదాకా అధ్యక్షుడు నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

నాకు ఏడుపు రాలేదు. రాకపోవడం చూసి మా బిడ్డ భయపడింది. “బాపూ, ఒక్కసారి ఏడువు” అని బతిమాలింది. ఏడుపు అడిగితే వచ్చేదా? ఏళ్ల తరబడి తీగ చుట్టీ చుట్టీ, కాలిన మోటార్లు పట్టుకునీ పట్టుకునీ నా వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి, వేడి గ్లాసు పట్టుకున్నా తెలియదు. ఇప్పుడు మొత్తం మనిషినే అట్లా అయ్యాను. అన్నం తిన్నాను, షాపు తీశాను. షాపుకొచ్చినవాడు రెండోసారి అడిగినా, మూడోసారి అడిగినా కోపం రాలేదు. వాళ్లే పరేషాన్ అయిపోయారు.

జాకెట్ గుడ్డలు ఇచ్చినవాళ్లు వచ్చి కొందరు తీసుకుపోయారు. కొందరు అడగలేకపోయారు. మిషను మీద దుప్పటి కప్పాను.

కొన్ని వారాలకు మీటింగ్‌కు పోయాను. పేరు కొట్టేస్తారని కాదు, చావు జరిగిన ఇంటివాడి గురువారాలు ఎవరూ లెక్కపెట్టలేదు. గురువారం సాయంత్రం ఆ వేళకు ఇంట్లో ఏం చెయ్యాలో తెలియలేదు. చొక్కా వేసుకున్నాను. గుమ్మం దగ్గర అలవాటుగా ఆగాను. ఆగి, ఎందుకు ఆగానో గుర్తొచ్చి, పోయాను.

ముచ్చట్ల వరుస మొదలైంది. నాకు ముందు కూర్చునేది సాతంరాయి బడి టీచరమ్మ, మా సంఘంలో చేరిన మొదటి ఆడమనిషి, నా భార్య దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. ఆమె తన ముచ్చట చెప్పి కూర్చుంది. తర్వాత నేను. అధ్యక్షుడు నా వైపు తిరిగి నోరు తెరిచాడు, మూశాడు, నా అవతలివాణ్ని లేపాడు. బతికాను అనుకున్నాను. నిజంగానే, ఆ రోజు లేపి ఉంటే ఆ హాల్లో ఎంతసేపు నిలబడేవాణ్నో.

అందరి వంతూ అయ్యాక కార్యదర్శి లేచాడు. “అన్నగారూ, మీరు మరోలా అనుకోకండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనే ఈ తీర్మానం” అని, కాగితం చూసి చదివాడు. సభ్యుల ఇంట మరణం సంభవించినచో, సంవత్సరీకం జరుగు వరకు ఆ సభ్యుని మంచి ముచ్చట అడుగరాదు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నేను కూడా ఎత్తాను. ఎందుకు ఎత్తావంటే చెప్పలేను. అందరూ ఎత్తారు, ఎత్తాను.

ఆ ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. గురువారాలు వచ్చాయి, పోయాను. టీచరమ్మ లేచి ముచ్చట చెప్పి కూర్చునేది, అధ్యక్షుడి చూపు నన్ను దాటి అవతలికి పోయేది. బంద్‌లు జరిగిన వారాల్లో మీటింగు ఉండేది కాదు, అప్పుడు ఇంట్లోనే చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ని. మొదట్లో హాయిగానే ఉంది. పోను పోను ఒక సంగతి అర్థమైంది. ఆ హాల్లో నాతో అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. ఉప్మా తిన్నావా, షాపు ఎట్లుంది, ఆరోగ్యం జాగ్రత్త, అంతే. నా ముందు ఎవరూ నవ్వడం లేదు. నేను పోతుంటే నవ్వు ఆపుతున్నారు. ఆమె పేరెత్తడమైతే పూర్తిగా మానేశారు. ‘వదిన’ అన్న మాటే ఆ గదిలో వినపడలేదు నాకు. ఒక మనిషి లేకుండా పోవడం ఒక ఎత్తు, ఆమె మాట కూడా లేకుండా పోవడం ఇంకో ఎత్తు. ఏడాది కానీ, మళ్లీ పిలుస్తారు, అప్పుడైనా ఎవరో ఒకరు ఆమె ఊసెత్తుతారు అనుకున్నాను. నాకు మిగిలిన ఆశ అదొక్కటే.

ఏడాది నిండింది. పాస్టరయ్యగారు, మా బిడ్డ, అల్లుడు, నేను సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని పూలు పెట్టి వచ్చాం. ఆ వచ్చే గురువారానికి చొక్కా నేనే ఇస్త్రీ చేసుకున్నాను. చెప్పడానికి ఏమీ లేదు, అయినా పోయాను. పిలిస్తే చాలు, నిలబడే ఉందాం అనుకున్నాను.

టీచరమ్మ కూర్చుంది. అధ్యక్షుడి చూపు నన్ను దాటి పోయింది.

మరుసటి వారం కూడా అంతే. ఆ తర్వాత వారం కూడా. ఒకరోజు కోపం వచ్చింది, ఏడాదిలో మొదటిసారి. ఏడాది అన్నది మీరే కదా, ఇంకేం కావాలి మీకు, ఈ మనిషి ఇక నోరు తెరవొద్దని తేల్చేశారా అని అందరి ముందూ అడుగుదామనుకున్నాను. ఉప్మా వచ్చింది. తిని ఇంటికి వచ్చాను. కోపం కూడా నిలవలేదు నా దగ్గర. పోవడం మానేద్దాం, పీడా పోతుంది, మూడు గురువారాలైతే కార్యదర్శి రూలే నా పేరు కొట్టేస్తుంది అనుకున్నాను. రెండు గురువారాలు పోలేదు.

ఆ ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు టీచరమ్మ నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను. కుర్చీ అంచున కూర్చుంది.

“అన్నా, ఈ బేస్తారం గూడ రాకుంటే పేరు పోతది.”

“పోనియ్యమ్మా.”

“గట్లంటవేంది?” కొంగు సర్దుకుంది, కిటికీ వైపు చూసింది. “ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు. వదిన సంవత్సరీకం ఎప్పుడు పెట్టుకున్నరు? మేమంత నీ పిలుపు కోసమే చూస్తున్నం.”

“ఏం సంవత్సరీకం?”

“అదే అన్నా, ఏడాది అయినంక చేస్తరు గద. అయితే గాని నిన్ను పిలువొద్దని రూలున్నదాయె. ప్రెసిడెంటేమో నువ్వు మంచి రోజు చూపిస్తున్నవు గావచ్చు అంటడు. సెక్రటరీ సారేమో, అడిగితే నొచ్చుకుంటవని ఎవ్వరిని అడగనియ్యడు.”

“అమ్మా, మాకు సంవత్సరీకం ఉండదు. ఏడాదికి సమాధి కాడ ప్రార్థన చేసుకుంటం, గంతే. అది ఎప్పుడో అయిపాయె.”

టీచరమ్మ నా మొహం చూసింది. గోడ మీది సిలువ చూసింది. మళ్లీ నా మొహం చూసి, నెత్తి మీద చేత్తో కొట్టుకుంది. “అయ్యో నా తెలివి తెల్లారిపోను! మీరు చెయ్యనే చెయ్యనిది ఎప్పుడు చేస్తరా అని కూసున్నమా మేము?”

నేను ఏ గుడికి పోతానో వాళ్లలో తెలియనివాళ్లు ఎవరు! ప్రతి డిసెంబరులో మా ఇంటి కేకు తిన్నవాళ్లే అందరూ. ఆమెను మట్టిలో పెడుతుంటే చుట్టూ నిలబడ్డవాళ్లే. రూలు రాసేటప్పుడు వాళ్లకు తట్టలేదు, చెయ్యి ఎత్తేటప్పుడు నాకూ తట్టలేదు. నవ్వాల్సిన సంగతే. టీచరమ్మ నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. నాకు నవ్వు రాలేదు. కానీ ఒక్కటి అర్థమైంది. వాళ్లు నన్ను తీసెయ్యలేదు. నాకోసం ఆగి ఉన్నారు, అంతే.

లేవబోతూ ఆమె ఆగింది. “నా జాకెట్ ఒకటి వదిన కాడ ఉండె. అడగబుద్ధి కాలే ఇన్నొద్దులు. కుట్టకున్నా సరే, గుడ్డ ఉంటే ఇయ్యి.”

లోపలికి పోయి మిషను మీది దుప్పటి తీశాను. ఆకుపచ్చ జాకెట్ మడత పెట్టి ఉంది. కుడి చెయ్యి కుట్టి ఉంది. ఎడమ చెయ్యి కత్తిరించి, సుద్దతో గీత గీసి, గుండుసూదితో దానికే గుచ్చి పెట్టింది. ఒంటి చెయ్యి జాకెట్‌ను తెచ్చి ఆమె చేతిలో పెట్టడానికి నాకు మనసు రాలేదు.

“రెండు రోజులాగమ్మా, నేనే బడికాడికి తెచ్చిస్త” అన్నాను.

ఆమె పోయాక మిషను ముందు కూర్చున్నాను. మోటార్లు చుట్టేవాడికి జాకెట్ ఒక లెక్కా అనుకున్నాను, గీత ఆమెనే గీసి పెట్టింది కదా, గీత మీద పోనిస్తే అయిపోతుంది. స్విచ్ వేశాను. ఏడాదికి పైగా ఆగి ఉన్న మోటారు ఒకసారి మూలిగి తిరిగింది. ఆ చప్పుడు మా ఇంట్లో రోజంతా ఉండే చప్పుడు. వెంటనే ఆపేశాను. కాసేపు కూర్చుని మళ్లీ వేశాను. ఆమె గీసిన గీత మీద సూది పోతుంటే అటూ ఇటూ పోకుండా ఊపిరి బిగబట్టి కుట్టాను. కుట్టి, దులిపి, ఎత్తి పట్టుకుని చూస్తే ఏముంది! చెయ్యి తిరగేసి కుట్టాను. కుట్టు బయటికి, రంగు లోపలికి. విప్పబోతే గుడ్డ చిరిగేట్టుంది. నన్ను నేను నాలుగు బూతులు తిట్టుకున్నాను.

మంగళవారం అట్లాగే తీసుకుపోయి ఇచ్చాను, కొత్త గుడ్డ కొనిస్తానన్నాను. టీచరమ్మ చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. “ఎడమ చెయ్యే గద అన్నా. కొంగు కిందికి పోతది తియ్” అంది.

గురువారం వచ్చింది. పోయాను. గంట కొట్టగానే కార్యదర్శి లేచి నిలబడ్డాడు, చేతిలో కాగితం ఉంది గానీ చూడలేదు. “పొరపాటు నాదేనండి. రాసింది నేనే” అన్నాడు. పాత రూలు తీసేశారు. ఎవరింట్లో ఏం జరిగినా ప్రతి ఒక్కరినీ పిలవాలి, చెప్పలేనివాళ్లు చెప్పలేమని కూర్చోవచ్చు అని కొత్తది చదివాడు. అందరూ చేతులెత్తారు. ఈసారి దేనికి ఎత్తుతున్నానో తెలిసే ఎత్తాను.

వరుస మొదలైంది. టీచరమ్మ ఏదో చెప్పి కూర్చుంది, నాకు వినపడలేదు. అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. పాపం, ఎట్లా పిలవాలో ఆయన ముందే అనుకుని వచ్చి ఉంటాడు. కానీ నోటికి పాత అలవాటు పోలేదు.

“అన్నా, ఇయ్యాల వదిన ఏం పంపింది?”

అనేసి నాలుక కరుచుకున్నాడు. గంట మీద చెయ్యి అట్లాగే ఉండిపోయింది. కార్యదర్శి తల దించుకున్నాడు.

నేను లేచాను. “వదిన ఏం పంపలే” అన్నాను. “దవాఖానల ఉన్నప్పుడు, ఇగ నువ్వే చూస్కో ముచ్చట అన్నది. చూస్కున్న.” “ఆమె సగం కుట్టిన జాకెట్ ఒకటుండె. మిగిలిన చెయ్యి నేను కుట్టిన. మంచిగ గీత మీదనే కుట్టిన. కాకపోతే తిరగేసి కుట్టిన. ఎవరిదో చెప్పను గాని, ఆ తల్లి ఇయ్యాల గదే ఏసుకొని వచ్చింది.”

నవ్వొచ్చా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు టీచరమ్మ కొంగు తీసి, ఎడమ చెయ్యి పైకెత్తి, కుట్లన్నీ బయటికి కనపడేట్టు అందరి వైపూ తిప్పింది.

ముందు పగలబడ్డది అధ్యక్షుడే. ఆ తర్వాత హాలు హాలంతా. కార్యదర్శి కళ్లజోడు తీసేశాడు. నేనూ నవ్వుతున్నాననే అనుకున్నాను, చొక్కా ముందంతా తడిసేదాకా తెలియలేదు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. నిలబడి అట్లాగే ఏడ్చాను, వాళ్లు అట్లాగే నవ్వారు, నవ్వుతూనే కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఇంటికి వచ్చి తాళం తీశాను. మిషను మీద దుప్పటి లేదు, ఆదివారం తీసింది మళ్లీ కప్పలేదు. చెప్పులు విప్పక ముందే, గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

“నవ్విన్రు.”